పదవిని విడిచిన మంత్రి

మహాపురుషుల చరిత్రలు వ్రాయువారు తఱచుగా వారు పొందిన పదవులను లెక్కించుచుందురు. పదవిని చేపట్టుటకు వలయు శక్తి యొకటి. అవసరమైనపుడు దానిని విడుచుటకు వలయు శక్తి మఱియొకటి. ఈ రెండవది అరుదైనది. ప్రజాసేవకుని విలువను తూచుటకు అదియే సరియైన త్రాసు. పశ్చిమ జర్మనీకి అధ్యక్షుడుగా నుండిన గుస్తావ్ హైనెమాన్ జీవితము ఇందులకు నిదర్శనము.

హైనెమాన్ 1899 జూలై 23వ తేదీన ష్వెల్మ్ పట్టణమున జన్మించెను. అతని తండ్రి ఎస్సెన్ నగరమున క్రుప్ ఉక్కు సంస్థలో ఉద్యోగి. ఆ నగరము బొగ్గుగనులకును ఉక్కు కర్మాగారములకును పేరుగన్నది. హైనెమాన్ అచటనే పెరిగి, న్యాయశాస్త్రము నభ్యసించి, 1928లో రైనిష్ ఉక్కు సంస్థకు న్యాయ సలహాదారుడయ్యెను. కాలక్రమమున దాని డైరెక్టర్లలో ఒకడయ్యెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చి, క్రైస్తవ సంఘములను సైతము తన చెప్పుచేతలలో నుంచుకొన జూచెను. అందులకు లోబడని ప్రొటెస్టెంటులు కొందఱు వేఱుగా కూడిరి. హైనెమాన్ వారితో చేరెను. వారి కరపత్రములు అతని యింటి నేలమాళిగలో రహస్యముగా అచ్చుపడెడివి. వారిని విడిచినచో బొగ్గు పరిశ్రమలో ఇంకను పెద్ద పదవి లభించునని తెలిసియు అతడు విడువలేదు.

అయినను యుద్ధకాలమంతయు అతడు తన ఉద్యోగమున కొనసాగెను. ఇది దాచదగిన విషయము కాదు, అతడును దాచలేదు. 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్ నగరమున సంఘపెద్దలు కూడి, తాము తగినంత ధైర్యముతో నిలువలేకపోతిమని ఒప్పుకొనుచు ఒక ప్రకటన గావించిరి. దానిపై సంతకము చేసినవారిలో హైనెమాన్ ఒకడు. తప్పు నొప్పుకొనుట కష్టము. ఒప్పుకొన్నదానిని మరువక నడచుకొనుట మఱింత కష్టము.

బాంబులచే శిథిలమైన ఎస్సెన్ నగరమునకు అతడు 1946లో మేయరయ్యెను. 1949లో పశ్చిమ జర్మనీ ఏర్పడినపుడు ఛాన్సలర్ అడెనావర్ అతనిని హోంమంత్రిగా తన మంత్రివర్గమున చేర్చుకొనెను. మఱుసటి యేడు కొరియాలో యుద్ధము చెలరేగెను. ఐరోపాలోను అట్టి యుద్ధము రాగలదని భయపడిన అడెనావర్, మంత్రివర్గమును సంప్రదింపకయే, జర్మను సైనికులను సమకూర్చగలమని 1950 ఆగస్టులో అమెరికా ప్రతినిధికి తెలియజేసెను. ఆయుధములు దించి అప్పటికి అయిదేండ్లే గడచినవి. మరల సైన్యమును కూర్చుకొన్నచో రెండుగా చీలిన దేశము ఇక నొకటి కాజాలదని హైనెమాన్ తలచెను. ఇంతటి విషయమును మంత్రులకు చెప్పక నిశ్చయించుట తగదనియు భావించెను. అక్టోబరులో అతడు పదవిని విడిచి, న్యాయవాద వృత్తికి మరలెను.

ఈ త్యాగమువలన ఫలమేమి యని కొందఱడుగుదురు. 1952లో అతడు క్రొత్త పార్టీని స్థాపించెను. 1953 ఎన్నికలలో దానికి నూటికి రెండు వోట్లైనను రాలేదు. 1955లో పశ్చిమ జర్మనీ నాటో కూటమిలో చేరెను, సైన్యమును ఏర్పడెను. తుదకు 1990లో జర్మనీ ఏకమైనది కూడ ఆ కూటమిలో నుండియే. కావున హైనెమాన్ అంచనా సరియైనదా యని వాదింపవచ్చును. అడెనావర్ భయమును అకారణమైనది కాదు.

కాని అంచనా వేఱు, నడత వేఱు. మంత్రివర్గమున కూర్చుండి మౌనము వహించిన మంత్రి ఆ నిర్ణయమునకు బాధ్యుడే యగును. పై వారి యాజ్ఞకు తలయొగ్గుటయే ధర్మమని నమ్మి ఒక జాతి యావత్తు ఘోరమైన పాపమున పాలు పంచుకొన్న దేశమది. అట్టిచోట ఒక మంత్రి ఎవరిని దూషింపక, చట్టము నతిక్రమింపక, "ఇది నాకు సమ్మతము కాదు" అని లేచిపోవుట ప్రజలకు గొప్ప పాఠము. ఫలము దక్కనంతమాత్రమున ఆ పాఠము వ్యర్థము కాదు.

అతడు పార్టీలు మార్చెనని నిందించువారును గలరు. 1957లో అతడు తన చిన్న పార్టీని రద్దుచేసి సోషల్ డెమొక్రాటులతో చేరిన మాట నిజమే. అయితే లాభమునకై పార్టీ మార్చువాడు గెలుపు వైపునకు పోవును. హైనెమాన్ అధికారమును విడిచి ఓటమి వైపునకు నడచెను. ఈ భేదమును గుర్తింపవలెను.

1966లో అతడు న్యాయమంత్రి యయ్యెను. 1968 ఈస్టరు పండుగనాళ్ళలో ఒక విద్యార్థి నాయకునిపై కాల్పులు జరుగగా దేశమున అల్లరులు చెలరేగెను. అపుడు హైనెమాన్ ప్రజల నుద్దేశించి, ఇతరులపై నిందమోపుచు వ్రేలు చూపునపుడు ఆ చేతి వ్రేళ్ళు మూడు తనవైపే చూపునని హెచ్చరించెను. 1969 మార్చి 5న 506 వోట్లకు ఎదురుగా 512 వోట్లతో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. యుద్ధమున జర్మను సేనలు ఆక్రమించిన నెదర్లాండ్స్, నార్వే, డెన్మార్క్ దేశములకు అతడు స్వయముగా వెళ్ళి స్నేహమును కోరెను. 1974లో రెండవమాఱు ఆ పదవి నాశింపక తప్పుకొనెను. 1976 జూలై 7న ఎస్సెన్‌లో మరణించెను.

పదవి యందుండుట గౌరవమే. కాని అంతరాత్మను తాకట్టుపెట్టి నిలుపుకొన్న పదవి కంటె, దానికొఱకు విడిచిన పదవియే మనుష్యునికి వన్నె తెచ్చును.