ఖర్చు లెక్క ఉంది, అవసరం లెక్క ఏది?

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో 23 కౌంటీలు (మన జిల్లాల వంటివి), కౌంటీతో సమాన హోదా ఉన్న బాల్టిమోర్ నగరం కలిపి మొత్తం 24 పాఠశాల వ్యవస్థలు ఉన్నాయి. ఏటా రాష్ట్ర పరీక్షల ఫలితాలు రాగానే వీటిని పై నుంచి కిందికి వరస పెడతారు. హోవర్డ్ వంటి సంపన్న కౌంటీలు పైన ఉంటాయి, బాల్టిమోర్ నగరం, సోమర్సెట్ దిగువన కనిపిస్తాయి. విద్యార్థి తలసరి ఖర్చులో మాత్రం బాల్టిమోర్ ఎవరికీ తీసిపోదు. ఇంకేముంది, ‘ఎంత డబ్బు పోసినా అక్కడ చదువు రాదు’ అనే తీర్పు వెలువడుతుంది. ఈ తీర్పు తప్పు.

తెలుగు రాష్ట్రాల్లో సర్కారు టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఆదిలాబాద్ అయినా రంగారెడ్డి అయినా స్కేలు ఒకటే. అమెరికాలో అలా కాదు. బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక పన్నులది, ముఖ్యంగా ఆస్తి పన్నుది. మిగిలినది చాలావరకు రాష్ట్రం ఇస్తుంది. కేంద్రం వాటా స్వల్పం. బాల్టిమోర్ నగరంలో ప్రతి వంద డాలర్ల ఆస్తి విలువకు పన్ను 2.248 డాలర్లు. నగరాన్ని చుట్టి ఉన్న బాల్టిమోర్ కౌంటీలో అందులో సగమే. రెట్టింపు రేటు వేసినా నగరానికి సొంత రాబడి చాలదు, ఎందుకంటే ఇళ్ళ ధరలు తక్కువ, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రుల ఆస్తులకు పన్ను మినహాయింపు. కాబట్టి నగరవాసులు తమ బడులకు డబ్బివ్వడం లేదనడం అన్యాయం.

అట్లాంటిక్ తీరంలోని వూస్టర్ కౌంటీ కథ వేరు. ఓషన్ సిటీలోని సముద్రతీర అపార్టుమెంట్ల వల్ల అది కాగితం మీద ధనిక కౌంటీ, అందుకే రాష్ట్ర సాయం తక్కువ. దాని బడుల్లో హోటళ్ళలో పనిచేసే కుటుంబాల పిల్లలూ ఉంటారు. అయినా ఫలితాల్లో తరచూ ముందు వరసలో నిలుస్తుంది. సొంత రాబడి దండిగా ఉంటే పేద పిల్లలూ రాణించగలరని చెప్పే ఈ ఉదాహరణను వరస పట్టికలు పట్టించుకోవు.

‘సమగ్రమైన, సమర్థమైన’ పాఠశాల వ్యవస్థను రాష్ట్రం నెలకొల్పాలని మేరీల్యాండ్ రాజ్యాంగం 1867లోనే చెప్పింది. సోమర్సెట్ వంటి పేద కౌంటీలు, బాల్టిమోర్ నగరం కలిసి వేసిన దావాలో 1983లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దీనికి సంకుచిత అర్థం చెప్పింది: నిధులు సమానంగా ఉండాలని రాజ్యాంగం కోరడం లేదట. అంతకు పదేళ్ళ ముందు, 1973లో, అమెరికా సుప్రీంకోర్టు కూడా టెక్సస్ కేసులో చదువును రాజ్యాంగ ప్రాథమిక హక్కుగా గుర్తించలేదు. కోర్టులు తప్పుకున్నాక మిగిలింది శాసనసభే. బడి నిధులపై వేసిన థార్న్‌టన్ కమిషన్ సిఫార్సులతో 2002లో నిధులు పెంచారు. కొన్నేళ్ళకే బడ్జెట్ ఇబ్బందుల పేరుతో ద్రవ్యోల్బణం మేరకు పెంచడం ఆపేశారు. 2016లో ఏర్పడిన కిర్వాన్ కమిషన్ మళ్ళీ లెక్కలు తీసింది. ఆ సిఫార్సులతో వచ్చిన బిల్లును 2020లో గవర్నర్ లారీ హోగన్ వీటో చేయగా, 2021లో శాసనసభ ఆ వీటోను తోసిపుచ్చింది. పూర్తిగా అమలైతే ఏటా దాదాపు 400 కోట్ల డాలర్లు అదనంగా రావాలి. పేదరికం ఎక్కువున్న బడులకు ప్రత్యేక గ్రాంటు, 2026 నాటికి కొత్త టీచరుకు 60,000 డాలర్ల జీతం అందులోవే.

డబ్బుకు ఫలం లేదనేవారు 1966 నాటి కోల్‌మన్ నివేదికను చూపుతారు. బడి వనరుల కన్నా కుటుంబ నేపథ్యానిదే ఎక్కువ ప్రభావమని బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆచార్యుడే తేల్చాడన్నది వారి వాదన. కానీ 2016లో వెలువడిన జాక్సన్, జాన్సన్, పెర్సికోల అధ్యయనం పన్నెండేళ్ళ చదువంతా తలసరి ఖర్చు 10% పెరిగితే ఆ పిల్లలు పెద్దయ్యాక వేతనం సుమారు 7% పెరిగిందని చూపింది. పేద పిల్లలకు మేలు ఇంకా ఎక్కువ. ఒకటి రెండేళ్ళు నిధులిచ్చి పట్టిక చూసుకునేవారికి ఇది కనబడదు.

విమర్శకుల మాటలో ఒకటి మాత్రం నిజం: కౌంటీ కార్యాలయానికి చేరిన డబ్బు తరగతి గది దాకా వస్తోందా అన్న ప్రశ్న. కొత్త చట్టం తలసరి నిధుల్లో కనీసం 75% ఆ విద్యార్థి చదివే బడికే ఖర్చు కావాలంటోంది. ఆ నిబంధనను కచ్చితంగా అమలు చేయాలి. ప్రతి బడి లెక్కనూ ప్రజల ముందు పెట్టాలి.

2025లో సుమారు 300 కోట్ల డాలర్ల లోటు చూపి, టీచర్లకు పాఠాల తయారీకి అదనపు సమయమిచ్చే ఏర్పాటును ప్రభుత్వం వాయిదా వేసింది. 2002 తర్వాత నిధుల పెంపు ఆగిన కథ కూడా ఇలాగే మొదలైంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న ప్రభుత్వమిది. హోవర్డ్, మాంట్‌గోమరీ కౌంటీల్లో స్కూలు రేటింగు చూసి ఇల్లు కొనే తెలుగు కుటుంబాలూ ఈ చర్చకు వెలుపల లేవు, ఆ కొనుగోళ్ళతో పెరిగే ఇళ్ళ ధరలే అక్కడి బడులకు పన్ను రాబడి. రాష్ట్ర ప్రభుత్వం ఈ వాయిదాను ఎత్తేయాలి. పేద బడుల గ్రాంటుకు ఏ లోటు వచ్చినా కోత పడకుండా చట్టంలోనే రక్షణ కల్పించాలి.