పాకం వాసన

మా ఇంటికి కారు వచ్చి ఏడాది కావస్తోంది. పాత కారే. అయినా మరీ అంత పాతదేం కాదు సుమండీ! నాకంటే ముందు ఒక్కరే వాడారు. రోజూ నేను దాంట్లో కాలేజీకి వెళ్ళి వస్తాను. ఇంట్లోవాళ్ళు ఎక్కేది ఆదివారం నాడే.

అలాంటి ఒక ఆదివారం, వేసవిలో, రాజమండ్రి నుంచి కోనసీమలో ఉన్న అత్తవారి ఊరికి బయల్దేరాము. జొన్నాడ వంతెన ఇంకా ఎక్కనే లేదు, మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏవండీ, కారులో ఏదో వాసన" అంది. నేను ఓసారి గట్టిగా పీల్చి చూసి, "నాకేం రావటం లేదే" అన్నాను. ఇంటి యజమానికి రాని వాసన ఇంకొకరికి ఎలా వస్తుంది? రావులపాలెం చేరేసరికి వెనక సీట్లో మా చిన్నమ్మాయి వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అని తేల్చేశాను.

మర్నాడు మాత్రం బజారుకెళ్ళి, మల్లెపూల వాసన వస్తుందన్న సీసా ఒకటి కొని కారులో తగిలించాను. దాంతో వాసనలు రెండయ్యాయి. మూడో ఆదివారం అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయి, "నేను బస్సులో వస్తాను నాన్నా" అంది. కారు కొన్ననాడు వీధంతా తిరిగి చెప్పుకొచ్చిన పిల్ల! ఆ మాట నాకు గుచ్చుకుంది.

కారు మెకానిక్కు దగ్గరకి తోలుకెళ్ళాను. "ఏం వాసనండీ?" అన్నాడు.

"అదో రకం... కెమికల్ వాసన."

"అలాగంటే ఎలాగండీ మేష్టారూ! పెట్రోలు వాసనయితే పైపు కారుతున్నట్టు. అప్పుడు బండి ఆపి దిగిపోవాలి, అగ్గిపుల్ల గీయకూడదు. మాడు వాసనయితే క్లచ్చో బ్రేకో. కుళ్ళిన కోడిగుడ్డు కంపయితే బ్యాటరీకి చార్జింగు ఎక్కువవుతోందో, పొగగొట్టం దగ్గరి కన్వర్టరు పాడయిందో చూడాలి. ఏసీ వేయగానే ఆరని తడిగుడ్డ వాసన వస్తే లోపల బూజు పట్టినట్టండి. మరి మీది ఏదండీ?"

తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి. కమురు, నీచు, ముక్కు, పచ్చి అంటూ వాసనలకు మన భాషలో ఎన్ని మాటలున్నాయో క్లాసులో గంటసేపు చెప్పగలను. అక్కడ నోట ఒక్క మాట రాలేదు. చేసేదిలేక ఇంటికి ఫోను చేశాను.

"అరిసెల పాకం పొయ్యిమీద పెట్టి మరిచిపోతే వస్తుందే, అదండీ. నెల్లాళ్ళనుంచీ చెబుతూనే ఉన్నాను" అంది మా ఆవిడ.

మెకానిక్కు మొహం విప్పారింది. "ఆయ్, సగం పని అమ్మగారే చేసేశారండి!"

ఇంజను చల్లారేదాకా ఆగి రేడియేటరు మూత తీశాడు. వేడిమీద తీస్తే మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయట. లోపల నీళ్ళు శ్రావణమాసపు గోదావరి రంగులో ఉన్నాయి, అవీ సగమే. ముందు సీటు దగ్గర కాళ్ళకింద పట్టా తడిగా, జిగటగా తగిలింది. అద్దానికి లోపలివైపు నూనె పూసినట్టు పొర కట్టింది. అదంతా మంచనుకుని నేను రోజూ గుడ్డతో తుడుస్తూ వచ్చాను!

సంగతి ఇదీ. ఇంజనును చల్లబరిచే కూలెంటులో ఇథిలీన్ గ్లైకాల్ అనే తియ్యటి పదార్థం ఉంటుంది. చలిదేశాల అలవాటుగా కార్లలో హీటరు పెడతారు. దానికోసం డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటరులాంటిది ఒకటి ఉంటుంది. చాలా కార్లలో మనం హీటరు వేసినా వేయకపోయినా వేడి కూలెంటు అందులోంచి పారుతూనే ఉంటుంది. ఎవరో కూలెంటు బదులు బోరునీళ్ళు పోశారు. ఆ ఉప్పుకి లోపల తుప్పుపట్టి చిల్లి పడింది. ఫ్యాను వేసినప్పుడల్లా ఆ ఆవిరి మా మొహాల మీదికి వచ్చేది. గ్లైకాల్ కడుపులోకి పోతే విషం. కాబట్టి చేత్తో తాకి చూడవచ్చు గాని, తియ్యగా ఉందేమోనని నాలుకకి రాసుకోకూడదు. పైగా కూలెంటు పూర్తిగా కారిపోతే ఇంజను నడిరోడ్డు మీద కాగిపోయేది.

కొత్తది వేయాలంటే డ్యాష్‌బోర్డంతా విప్పాలి. "రాజమండ్రిలో హీటరెందుకండీ? రెండు గొట్టాలూ కలిపేస్తాను. లంబసింగి వెళ్ళినప్పుడు దుప్పటి కప్పుకోండి" అన్నాడు. అలాగే చేయించి, లోపలంతా కడిగించి, మంచి కూలెంటు పోయించి, పట్టా ఎండలో వేశాము.

ఇంతకీ నాకు వాసన ఎందుకు రాలేదు? రోజూ పీల్చే వాసనకు ముక్కు అలవాటుపడి, చెప్పటం మానేస్తుంది. వారానికొకసారి ఎక్కేవాళ్ళ ముక్కే నిజం చెబుతుంది.

వంటగ్యాసుకు స్వతహాగా చెప్పుకోదగ్గ వాసన లేదు. కారితే తెలియాలని మెర్‌కాప్టన్ అనే గంధకపు పదార్థాన్ని కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్ళో, వాసనలేని సహజవాయువు బడి కింద చేరి పేలితే సుమారు 300 మంది పోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతనే అక్కడ వాసన కలపాలని చట్టం చేశారు. లోకం డబ్బిచ్చి కంపు కొనుక్కుంటోంది, ప్రమాదం తెలియటానికి. నేను డబ్బిచ్చి సువాసన కొన్నాను, తెలియకుండా ఉండటానికి!

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు ఆ పాటి వాసన కూడా లేదు. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. కారులో ఉండగా తలనొప్పీ మగతా కలిగితే వెంటనే ఇంజను ఆపి బయటికి వచ్చేయండి.

మొన్న ఆదివారం మళ్ళీ బయల్దేరాము. సీసా ఎప్పుడో తీసి పారేశాను. జొన్నాడ వంతెన దాటాక, "ఏమైనా వాసన వస్తోందా?" అని భయం భయంగా అడిగాను.

"మల్లెపూల వాసన నాన్నా" అంది చిన్నమ్మాయి.

గుండె గుభేలుమని పక్కకి తిరిగి చూశాను. మా ఆవిడ జడలో మూరెడు మల్లెలు!