కుకీలు నేర్చుకుందాం, వెలిని వదిలేద్దాం

క్రిస్మస్ దగ్గర పడుతుంటే ఇంట్లోనే కుకీలు చేయాలని మన యౌవనస్తులకు ఉత్సాహం వస్తుంది. ఆమిష్ కుకీలైతే మరీ తేలిక. తప్పకుండా చేయండి. అయితే వాటి వెనక ఉన్న సంఘం గురించి కూడా కాస్త తెలుసుకోండి.

ముందు చేసే పద్ధతి. అర కప్పు వెన్న, అర కప్పు నూనె, అర కప్పు చక్కెర, అర కప్పు చక్కెర పొడి బాగా గిలక్కొట్టాలి. ఒక గుడ్డు, కాస్త వెనీలా వేయాలి. రెండుంపావు కప్పుల మైదా, ఒక టీ చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి చిన్న ఉండలు చేసి, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో నొక్కాలి. 190 డిగ్రీల వేడిలో సుమారు 10 నిమిషాలు చాలు. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి బాగా వేడి చేశాక సన్నని సెగ మీద కాల్చుకోవచ్చు. ఆమిష్ వాళ్లు కూడా చాలావరకు కరెంటు లైను లేకుండానే వండుకుంటారు.

ఆమిష్‌లు అనాబాప్టిస్టు క్రైస్తవులు. స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల నుంచి 18వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలస వెళ్లారు. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని మన మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాలది కూడా ఇదే విశ్వాస కుటుంబం. చాలామంది ఆమిష్‌లకు చర్చి భవనం ఉండదు. రెండు వారాలకొకసారి వంతుల వారీగా ఒక్కో ఇంట్లో ఆరాధన జరుగుతుంది. బెంచీలను బండి మీద ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకెళ్తారు. ఆరాధన అయ్యాక ఆ బెంచీలే భోజనం బల్లలవుతాయి. రొట్టె, పచ్చళ్లు, కాఫీ, చాలాచోట్ల కుకీలు కూడా పెడతారు.

మనం నేర్చుకోవాల్సింది ఈ వంతు. వంతు వచ్చినప్పుడు ప్రతి ఇల్లూ సంఘానికి అన్నం పెడుతుంది, సంఘం ప్రతి ఇంట్లోనూ తింటుంది. మన సంఘాల్లో అలా జరుగుతోందా? ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కనే నిలబడే మనం, పారిశుద్ధ్య పని చేసే సహోదరి ఇంట్లో టీ తాగడానికి ఎన్ని సాకులు వెతుకుతాం? ఆమె పంపిన పిండివంట ఎవరి ఇంట్లో డబ్బా మూత తీయకుండానే ఉండిపోతుంది?

ఆమిష్‌ల దగ్గర అన్నీ ఆదర్శమే అని నేను అనను. అక్కడా వంట భారం ఆడవాళ్లదే. పైగా 1693లో యాకోబ్ అమ్మాన్ వేరుపడిన గొడవలో ముఖ్యమైన విషయం వెలి. సంఘం బహిష్కరించిన వాళ్లతో కలిసి భోజనం కూడా చేయకూడదని ఆయన పట్టుబట్టాడు. వెలి అంటే ఏమిటో మన తాతముత్తాతలను అడగనవసరం లేదు, మనలో చాలామందికి ఇంకా గుర్తుంది. సుంకరులతో, పాపులతో కలిసి తిన్న ప్రభువు వెనక నడిచేవాళ్లం ఆ పాఠం మాత్రం నేర్చుకోకూడదు.

యౌవనస్తులారా, ఈ క్రిస్మస్‌కు కుకీలు చేయండి. మగపిల్లలు పిండి కలపండి, గిన్నెలు కూడా తోమండి. వాటిని డబ్బాల్లో పెట్టి పంచేసి ఊరుకోవద్దు. సంఘంలో ఎవరి ఇంటికి మీరు ఇప్పటివరకు వెళ్లలేదో ఆ ఇంటికి వెళ్లండి. మీరు తెచ్చింది వాళ్లకు పెట్టండి, వాళ్లు పెట్టింది కూర్చుని తినండి. వాళ్ల చేతి ముద్ద తిన్నప్పుడే మనది సహవాసం అవుతుంది.