బోర్డులు వ్రాసిన చేయి, పాత కట్టడాలు

వ్యాపార చిత్రకళను లలితకళల పంక్తిలో కూర్చోనివ్వని ఆచారమొకటి మనలో ఉన్నది. దుకాణానికి పేరు వ్రాసినవానిని, సినిమాహాలుకు కటౌటు కట్టినవానిని పనివాడంటాము గాని కళాకారుడనము. ఇది అన్యాయమని నా అభిప్రాయం. నిదర్శనంగా మా పేటలోని ఒక వృద్ధ చిత్రకారుని చూపుతాను.

ఆయన రంగూనులో జన్మించారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం ఏర్పడి, 1964లో దుకాణాలను జాతీయం చేసిన పిమ్మట కట్టుబట్టలతో వెడలివచ్చిన భారతీయ కుటుంబాలలో ఆయనదీ ఒకటి. హైదరాబాదు చేరి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపులు మూడింటిలోనూ బోర్డులు వ్రాశారు. ఉర్దూ అక్షరాల వంపులు ముందు చేతికి వచ్చాయట, భాష తరువాత నోటికి వచ్చిందట! ఫ్లెక్సు యంత్రం వచ్చి ఆ వృత్తిని ఊడ్చివేసింది. ఆయన విశ్రాంతి జీవితం అలా ఆరంభమైనదే. డెబ్బది ఏండ్లు దాటిన ఈ వయస్సులో, ఉదయంపూట మడతకుర్చీ, నీటిరంగుల పెట్టె పట్టుకొని పాత కట్టడాల ఎదుట కూర్చుంటున్నారు.

అవి నకళ్లే గాని కళ కాదని కొందరి ఆక్షేపణ. పోస్టుకార్డంత ఫొటోపై గళ్లు గీచి, ఆ ముఖాన్నే నలుబది అడుగుల ఎత్తున నిలబెట్టిన చేయి అది. కమాను వంపును, మినారు నిష్పత్తిని ఆ చేయి తప్పనివ్వదు. ఆ నిక్కచ్చితనం విలువ తెలియాలంటే వార్సా నగర చరిత్ర చూడాలి. వెనిస్‌లో పుట్టి పోలెండు రాజు కొలువులో చేరిన బెర్నార్డో బెల్లొట్టో 18వ శతాబ్దంలో ఆ నగర వీథులను చిత్రించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో అక్కడి పాత పట్టణం నూటికి 85 పాళ్లకు మించి ధ్వంసమైంది. దానిని తిరిగి నిర్మించినవారికి ఈ పరదేశి చిత్రాలు ముఖ్యాధారాలలో ఒకటైనాయి. 1980లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అయితే బెల్లొట్టో కూడా అక్కడక్కడా ఉన్నదానికి మెరుగులు దిద్దాడు.

సరిగా ఈ విషయంలోనే మా పెద్దాయనతో నాకు పేచీ. ఆయన చిత్రాలలో కరెంటు తీగలుండవు, గోడ పగులులో మొలిచిన రావిమొక్క ఉండదు, చివరకు బోర్డులు సైతం ఉండవు. జీవితమంతా బోర్డులు వ్రాసినవారు వాటిని తుడిచివేయడం నాకు చిత్రంగా తోస్తుంది. అడిగితే, "తీగలు రేపు పోతాయి బాబూ, కమాను నిలుస్తుంది" అంటారు. మన నగరంలో జరుగుతున్నది దానికి విపర్యయం. ఉస్మానియా ఆసుపత్రి సంగతే చూడండి. హైకోర్టుకు, కాచిగూడ స్టేషనుకు రూపమిచ్చిన విన్సెంట్ ఎష్ దానికీ శిల్పి (అతడూ బయటినుండి వచ్చినవాడే). 2020 జూలైలో వాననీరు వార్డులలో చేరి ఆ పాత భవనాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చివేతకు ప్రభుత్వం నిశ్చయించగా, హైకోర్టు కొట్టివేయబట్టి అది నిలిచింది. కట్టడం నేడెట్లున్నదో అట్లే, పగులుతో సహా చిత్రించినప్పుడే ఆ చిత్రం రేపు సాక్ష్యం చెప్పగలదు.

ప్రస్తుతం ఆ చిత్రాలు వార్తాపత్రికలలో చుట్టబడి మంచం క్రింది ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వాటిపై తేదీ లేదు, స్థలం పేరు లేదు. మన కళాశాల గ్రంథాలయం ఒక బీరువా కేటాయించాలి. చరిత్ర విద్యార్థులు ఆయన ప్రక్కన కూర్చొని, జ్ఞాపకమున్నంతలో ప్రతి చిత్రానికీ సంవత్సరం, తావు అడిగి వెనుకవైపు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించాలి. ఆయన చూపు ఇప్పటికే మందగిస్తున్నది. ఈ పని వచ్చే విద్యాసంవత్సరానికి వాయిదా వేయదగినది కాదు.