చూరు చల్లన

పామిడిముక్కల పొలాల్లో గునపం దించితే తగిలేది నల్లమట్టే. రాయి కావాలంటే బండి కట్టుకుని దూరం పోవాల్సిందే. అందుకే డెల్టా రైతు చేతికందిన వాటితోనే ఇల్లు కట్టుకున్నాడు... మట్టి, తాటిచెట్టు, వరిగడ్డి.

గడ్డి కలిపి తొక్కిన మట్టిని మూరెడెత్తు పెట్టి, అది ఆరాకే పై వరుస పెట్టేవారు. కలిగినవాళ్లు అదే మట్టిని ఇటుకగా కాల్చుకున్నారు. గోడ మారినా పైన మాత్రం తాటాకే! చూరు దగ్గర మొదలుపెట్టి పైకి నేసుకుంటూ పోతారు. పై వరుస కింది వరుసను కప్పుతుంది. కప్పు బాగా ఏటవాలుగా ఉంటే చినుకు నిలవకుండా ఆకు మీంచి ఆకు మీదికి జారిపోతుంది. చూరు అంత కిందికి ఎందుకంటే, మట్టిగోడకు అదే గొడుగు. కొత్త అల్లుడి నుదుటికి మాత్రం దెబ్బ ఖాయం!

దక్షిణ ఇంగ్లండులోని సుద్దనేలల ఊళ్లదీ ఇదే లెక్క. అక్కడ చేలల్లో దొరికేది చెకుముకి రాయి. వంకరటింకర రాళ్లతో మూల తిన్నగా రాదు కాబట్టి మూలలకీ కిటికీల చుట్టూ ఇటుక పేర్చి, మధ్యలో ఆ రాయి నింపారు. పైన గోధుమగడ్డి. పొట్టి వంగడాలు, కోతయంత్రాలు వచ్చాక కప్పుకు పనికొచ్చే పొడవాటి గడ్డి కరవైంది. అయినా కప్పు కోసమే పాతరకం గోధుమ వేసి, గడ్డి నలగకుండా కోయించే రైతులు ఇప్పటికీ ఉన్నారు. చారిత్రక కట్టడంగా గుర్తింపున్న ఇంటికి కప్పు తీరు మార్చాలంటే అనుమతి తీసుకోవాల్సిందే.

మన చేలల్లోనూ హార్వెస్టరు నలగ్గొట్టిన గడ్డి కప్పుకు రాదు. తాటాకు నేసే చేతులూ తగ్గిపోయాయి.

అలాగని పాత ఇల్లు స్వర్గమేమీ కాదు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు, వీధి వీధంతా బూడిదే. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనకు మట్టిగోడలు ఆగలేదు. అధికారిక లెక్కల్లోనే మృతులు సుమారు పదివేల మంది. ఆ తర్వాత శ్లాబు ఇల్లు కావాలన్నవాళ్లను ఎవరు తప్పుపడతారు?

కాకపోతే, మే నెల మధ్యాహ్నం ఆ శ్లాబు కింద కూర్చోవడం కష్టం. భోజనాలయ్యాక డాబా ఇంటివాళ్లు మంచం వాల్చేది వాకిట్లో వేయించుకున్న తాటాకు పందిరి కిందే.