అన్నములో స్వరాజ్యము

నిర్బంధము తొలగెను గాని నిర్బంధము నేర్పిన దురభ్యాసములు తొలగలేదు. 2020 మార్చి 25వ తేదీన ఇరువదియొక్క దినములకని ఆరంభమైన దేశవ్యాప్తమగు లాక్‌డౌను, గడువు వెంట గడువు పెరిగి, మే నెలాఖరు వఱకు సాగెను. ఆ దినములను స్మరించునపుడు మనవారు ఆసుపత్రులను గుఱించియు, ప్రాణవాయువును గుఱించియు, టీకాలను గుఱించియు ముచ్చటింతురు. విస్తరిని గుఱించి ముచ్చటించువారు మాత్రము అరుదు. ఆ కట్టడి మన పెద్దవారి తిండిని, అనగా సంపాదించియు, వండియు, బరువులు మోసియు సంసారములు నడుపు స్త్రీపురుషుల తిండిని, ఎట్లు మార్చినది? ఆ మార్పులో మేలెంత, కీడెంత? మనము నిలుపుకొన్నది మేలునా, కీడునా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొననిచో నాడు పడిన కష్టమంతయు బూడిదలో పోసిన పన్నీరే యగును.

మొదట మేలును చెప్పుదము. హోటళ్లు మూతపడెను. టిఫిను బండ్లు, బజ్జీల బండ్లు, కర్రీపాయింట్లు కనుమఱుగయ్యెను. జూన్ 8వ తేదీన హోటళ్లలో కూర్చుండి తినుటకు అనుమతి వచ్చువఱకు పట్టణవాసికి ఇంటిపొయ్యియే దిక్కయ్యెను. ఇంట అన్నము మాత్రము వండి కూర బజారునుండి తెచ్చుకొను అలవాటుగల సంసారములలో మరల పప్పు, పులుసు, పచ్చడి కనబడెను. ఉల్లిపాయ తరుగుట యెఱుగని పురుషులు కొందఱు కత్తిపీట ముందు కూర్చుండిరి. రాత్రి పదిగంటలకు గాని ఇల్లుచేరని ఉద్యోగి ఎనిమిదింటికే భార్యాబిడ్డలతో కూడి భుజించెను. ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క కలిపిన కషాయమును సేవింపుమని సలహా యిచ్చెను. ఆ కషాయము కోవిడును మాన్పునని మేము నమ్మలేదు, నమ్ముమని యెవరికిని చెప్పము. ఐనను ఆ నెపమున మిరియాలచారు మన వంటిండ్లకు తిరిగివచ్చుట సంతోషింపదగిన విషయమే.

ఇక కీడు. ఆ ఇంటిలోనే, ఆ దినములలోనే, నడక నిలిచిపోయెను. చేతిలో ఫోను, ఎదుట టెలివిజను, ప్రక్కన పళ్లెములో జంతికలు, చేగోడీలు, బిస్కత్తులు. పనికిని విశ్రాంతికిని హద్దు చెఱిగినట్లే భోజనవేళకును హద్దు చెఱిగెను. విసుగునకు తిండి, భయమునకు తిండి, ఏమియు తోచకున్నను తిండి. 2020 ఏప్రిలు, మే మాసములలో పార్లే-జి బిస్కత్తులు తమ యెనిమిది దశాబ్దముల చరిత్రలో ఎన్నడును లేనంతగా అమ్ముడుపోయినవని పత్రికలు ప్రకటించెను. ఆ పొట్లములలో కొన్ని దాతలు ఆకలిగొన్నవారికి పంచినవియే యగును. ఆకలికిని బిస్కత్తే, కాలక్షేపమునకును బిస్కత్తే యగుట ఆ కాలపు విచిత్రము!

ఈ రెంటిలో ఏది నిలిచినది? కార్యాలయములు తెఱువగనే ఇంటివంట సన్నగిల్లెను. చిరుతిండి మాత్రము నిలిచెను. కారణము స్పష్టము. వంటకు కాలము కావలయును. పొట్లమునకు పైకము చాలును. నిర్బంధము మనకు కాలమునిచ్చి వంట నేర్పెను. నిర్బంధము తొలగి కాలమును హరింపగా వంటయు దానివెంటనే పోయెను. పురుషుడు కత్తిపీట వదలి లేచెను. స్త్రీ యొక్కతెయే మరల మిగిలెను. ఇంటివంట మహిమను సభలలో కీర్తించు పెద్దలలో గరిటె పట్టినవారెందఱు? ఆ రెండు నెలలు మూడుపూటలును వండి వార్చి, అంట్లు తోమి, అందఱును తినిన పిమ్మట మిగిలినది తినిన యిల్లాలికి ఆ దినములు విశ్రాంతి దినములు కావు. ఆమె వెట్టిచాకిరిపై నిలిచిన ఆరోగ్యమును మేము జాతి ఆరోగ్యమని యొప్పుకొనజాలము.

కాలము లేనివాని యెదుటకు వర్తకుడు వచ్చెను. వ్యాధిభయముచే గడపదాటని జనమునకు సరకులు గడపకు చేర్చుట నాడు ఉపకారమే. ఆ యుపకారమే పిమ్మట వ్యాపారమయ్యెను. 2021లో జొమాటో తన వాటాలను ప్రజలకమ్మెను. ఆ సంవత్సరమే గ్రోఫర్సు బ్లింకిట్టని పేరుమార్చుకొని పది నిమిషములలో సరకు తెత్తుమని చాటెను. మఱుసటి యేడు జొమాటోయే దానిని కొనెను. నాడు భయముచే గడప దాటలేదు. నేడు అలవాటుచే దాటుట లేదు. అర్ధరాత్రివేళ బిర్యానీ తెచ్చు యువకుడు తానెప్పుడు తినుచున్నాడో అడిగినవారు లేరు. కేంద్రప్రభుత్వమువారి గృహవ్యయ పరిశీలన ప్రకారము పానీయములు, ఫలహారములు, తయారైన తిండిపదార్థములపై పట్టణవాసులు చేయు ఖర్చు 2011–12లో మొత్తము వ్యయములో 8.98 శాతముండగా 2022–23 నాటికి 10.64 శాతమయ్యెను. పల్లెలలో 7.90 నుండి 9.62కు పెరిగెను. ఈ వృద్ధి యంతయు నిర్బంధము వలననే కలిగినదని మేమనము. ఏఱు అంతకుముందే పాఱుచుండెను. నిర్బంధము దానికి గట్టు తెంచినదని మాత్రము మా యభిప్రాయము.

ఇంతవఱకు చెప్పినది తినుటకు గలవారి కథ. లేనివారి కథ వేఱు. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయమువారు ఫోనుద్వారా జరిపిన విచారణలో, లాక్‌డౌను వలన తమ యింట తిండి తగ్గినదని నూటికి తొంబదిమంది చెప్పిరి. ఆఱునెలలు గడచినను మునుపటి తిండి తిరిగి రాలేదని నూటికి ఇరువదిమంది చెప్పిరి. కూలి పోయెను, కూలితోపాటు గ్రుడ్డు పోయెను, పాలు పోయెను, ఆకుకూర పోయెను. ప్రభుత్వమువారు గరీబ్ కల్యాణ్ అన్నయోజన క్రింద దాదాపు ఎనుబదికోట్లమందికి మనిషికి నెలకు అయిదుకిలోల బియ్యమో గోధుమలో ఉచితముగా నిచ్చిరి. ఇది గొప్పకార్యము. కాదను కృతఘ్నులము కాము. ఆ ధాన్యము లేకున్న ఎన్ని ప్రాణములు పోయెడివో! ఐనను కుటుంబమునకు నెలకొక కిలో చొప్పున ఇచ్చుచుండిన పప్పు 2020 నవంబరుతో ఆగిపోయెను, బియ్యము మాత్రము పిమ్మట మరల వచ్చెను. కడుపు నిండెను, ఒడలికి బలము చేకూరలేదు. పేదవాని పెద్దవయసును వట్టి యన్నముతో వెళ్లబుచ్చుమని మనము శాసించితిమి.

ఇది యెంత ప్రమాదకరమో తెలియుటకు దూరము పోనక్కఱలేదు. మహమ్మారికి ముందే, 2019లో, మన రెండు రాష్ట్రములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున నూటికి 36 మంది స్త్రీలు, తెలంగాణమున 30 మంది స్త్రీలు మితిమీరిన బరువుగలవారని తేలెను. ఆ రాష్ట్రముల స్త్రీలలోనే సగమునకు పైగా రక్తహీనులు. లావును, నీరసమును ఒక్కచోట! 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధనా మండలివారి యధ్యయనము దేశమున పదికోట్లకు పైగా మధుమేహరోగులు గలరని తెల్పెను. మధుమేహము, స్థూలకాయము గలవారినే కోవిడు తీవ్రముగా పట్టి పీడించెనని వైద్యులందఱును ఎఱుగుదురు. అనగా మన విస్తరియే మన కోటగోడ. ఆ గోడ బీటలువారియుండగా శత్రువు వచ్చెను. శత్రువు వెడలిన పిమ్మట బీటలు పూడ్చితిమా? ఇంకను వెడల్పు చేసికొనుచున్నాము.

తిండి యెవరి యిష్టము వారిది, ఇందులో ప్రభుత్వమునకును పత్రికలకును పనియేమని కొందఱు వాదింతురు. ఇష్టమెక్కడ నున్నదని మేమడుగుచున్నాము. ఉదయము ఏడింట బయలుదేరి రాత్రి తొమ్మిదింటికి ఇల్లుచేరు కార్మికునకు ఇష్టమెక్కడిది? పొట్లముపై చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరములలో నున్న ఉప్పు, చక్కెర, కొవ్వుల లెక్క చదువజాలని గృహిణికి ఇష్టమెక్కడిది? 2022లో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థవారు పొట్లములకు నక్షత్రములు వేయుదుమని ముసాయిదా ప్రకటించిరి. ఎంత చెడ్డ సరకునకైనను అర నక్షత్రమైనను దక్కు పద్ధతి యది! చిలీ దేశమువారు 2016 నుండి ఉప్పు, చక్కెర, కొవ్వులు మించిన సరకుపై నల్లని హెచ్చరికముద్ర వేయించుచున్నారు. చిన్నదేశము చేయగలిగినది మనము చేయలేమా? ప్రమాదస్థలమున ఎఱ్ఱజెండా పాతుదుము గాని నక్షత్రములు వ్రేలాడదీయుదుమా?

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిని విచారించుటకై వెలసిన చిన్న శాల 1958లో హైదరాబాదునకు తరలి ఇంతటిదయ్యెను. మఱపట్టిన తెల్లబియ్యమే ప్రధానాహారమైనచోట తలయెత్తు వ్యాధి బెరిబెరి. అట్టి సంస్థవారు 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో దేశమునందలి రోగభారములో 56.4 శాతము చెడుతిండి వలననే యని అంచనావేసిరి. ఆ సంస్థ యున్న రాష్ట్రముననే 2025 ఉగాదికి సన్నబియ్యపు పంపిణీ వైభవముగా ప్రారంభమయ్యెను. పేదవాడు తినదగిన బియ్యమిచ్చుట న్యాయమే, మేము సంతసించితిమి. కాని బియ్యము ప్రక్కన పప్పేది? జొన్న లేది, రాగు లేవి? 2023ను మన దేశము కోరగనే ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా జరిపెను. ఉత్సవము జరిగెను. చిరుధాన్యము మాత్రము ధనికుని బిస్కత్తులో చేరెను గాని పేదవాని సంచిలో చేరలేదు.

మఱియొక ముచ్చట. ఆంధ్రప్రదేశమున అయిదు రూపాయలకు అన్నము పెట్టుటకు 2018లో వెలసిన అన్న క్యాంటీనులు 2019లో మూతపడెను. మఱుసటి యేడే మహమ్మారి వచ్చెను. ఆకలి వీధినపడినప్పుడు ఆ తలుపులు మూసియుండెను. 2024 ఆగస్టులో అవి మరల తెఱచిరి. హైదరాబాదులో అయిదురూపాయల భోజనకేంద్రములు ఆ కష్టకాలమున అన్నము పెట్టెను. ఏ పక్షము తెఱచినది, ఏ పక్షము మూసినది, ఎవరి పేరు పెట్టిరి యను వాదము మాకక్కఱలేదు. ప్రభుత్వము మాఱినపుడెల్ల కూటి తలుపునకు తాళము పడరాదని మాత్రమే మా పట్టు.

కావున మేము కోరునవి మూడు. ఒకటి: చౌకదుకాణమున బియ్యముతోపాటు కందిపప్పు, జొన్నలు, రాగులు హక్కుగా లభింపవలయును. రెండు: పొట్లముపై హెచ్చరికముద్ర పెద్ద అక్షరములలో, తెలుగులో నుండవలయును. మూడు: పనిచేయు స్త్రీపురుషులకు వండుకొనుటకు కాలమైనను ఉండవలయును, లేదా పనిచోటనే పప్పు, కూరగల చవుకభోజనమైనను ఉండవలయును. ఇవి దానములు కావు. ఈ దేశపు పన్ను చెల్లించువారి, చెమటయోడ్చువారి న్యాయమైన బాకీలు.

పఠనమందిరమున కూర్చుండి యీ పత్రిక చదువుచున్న పెద్దలకొక్క మనవి. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వముచేత చేయింపుదము. మనము చేయవలసినది మాత్రము నేడే చేయవచ్చును. ఇంటికి వెళ్లుచు దారిలో పొట్లము కొనక ఒక తోటకూరకట్ట కొనుడు. ఇల్లుచేరి ఆ కట్టను ఇల్లాలి చేతికందించి పడకకుర్చీలో వాలక, మీరే కత్తిపీట ముందు కూర్చుండుడు. 2020లో భయము మీచేత చేయించిన పనిని బుద్ధిపూర్వకముగా చేయుడు. భయముచే చేసినది భయముతోనే పోవును, తెలిసి చేసినది నిలుచును. అన్నములో స్వరాజ్యము అక్కడనుండియే ఆరంభము కావలయును.