పొలిమేరలో నిలిచిన బండి

కోదాడ దాటి రామాపురం అడ్డరోడ్డు మీదుగా సాగి, పాలేరు వంతెన దాటితే గరికపాడు, అది ఆంధ్రప్రదేశ్. నిత్యం ఈ దారిన పోయేవారికి అక్కడ ఒక సరిహద్దు ఉన్నదన్న స్పృహయే ఉండదు. 2021 మే నెలలో మాత్రం అది అందరికీ తెలిసివచ్చినది. కరోనా రెండవ విడత ప్రబలిన ఆ రోజులలో హైదరాబాదు ఆసుపత్రులకు పోవుచున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో నిలిపివేసినారు. ఆసుపత్రిలో పడక ఖాయమై, ముందుగా అనుమతి పొందినవారినే రానిత్తుమని మే 11న ప్రభుత్వం ఉత్తర్వు చేసినది. ఊపిరి అందని తండ్రి బండిలో ఉండగా కొడుకు రోడ్డు ప్రక్కన నిలబడి ఫోనులో అనుమతి కొరకు ప్రాధేయపడవలెను! మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసినది.

అంతకు ముందటి యేడు, 2020 మార్చిలో, కథ తలక్రిందులుగా నడచినది. హైదరాబాదు వసతి గృహాలు మూతపడగా, అక్కడి పోలీసులిచ్చిన పత్రాలు పట్టుకొని ఇంటికి బయలుదేరిన విద్యార్థులను గరికపాడు వద్దను, మిర్యాలగూడ మీదుగా పోయినవారిని వాడపల్లి వంతెనకు ఆవల పొందుగుల వద్దను ఆంధ్ర పోలీసులు ఆపినారు. ఈ గట్టున చెల్లిన కాగితం ఆ గట్టున చెల్లలేదు. కావున నేను ఏ ఒక్క రాష్ట్రాన్నీ తప్పుపట్టుట లేదు.

"రోగం నిజమే గదా, కాపలా వద్దందురా?" అని సహాధ్యాపకులొకరు నన్నడిగినారు. వద్దనను. అయితే కాపలాకు కారణం ఉండుట వేరు, ఆగినవాడు తాను ఎప్పుడు కదులుదునో ఎరుగకుండుట వేరు. మొదటిది ఆలస్యం, రెండవది అవమానం. నిన్నటి వరకు హక్కుగా నడచిన బాట నేడు ఒకరి దయ మీద ఆధారపడుతుంది.

మన ప్రాంతానికి ఇది బొత్తిగా కొత్త కాదు. సూర్యాపేట, కోదాడల నడుమ ఉన్న మునగాల పరగణా 1948కి పూర్వం నైజాం ఇలాకా మధ్యలో బ్రిటిషువారి కృష్ణా జిల్లాకు చెందిన ద్వీపం వంటిది. భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే. సరుకుకు మాత్రం కరోడ్‌గిరీ సుంకం. ఆ పరగణా నల్లగొండ జిల్లాలో కలియుట 1959లో గాని జరుగలేదు.

పత్రికలలో పాలస్తీనా వార్తలు చదివినపుడు నాకు రామాపురమే గుర్తుకు వస్తుంది. మన పిల్లలకు మనం ఆ దేశాన్ని యుద్ధాల తేదీలతో చెప్పుదుము. అక్కడి దినచర్యను చెప్పము. రమల్లా నుండి జెరూసలేముకు దూరం సుమారు 15 కిలోమీటర్లు. నడుమ కలందియా తనిఖీ కేంద్రం. అనుమతి పత్రం లేని పాలస్తీనీయుడికి ఆ దూరం తరగనిది. తనిఖీ కేంద్రాల వద్దనే ప్రసవించిన తల్లుల గురించి ఐక్యరాజ్య సమితి నివేదికలున్నవి. 2024 మేలో రఫా ద్వారం మూతపడగా గాజాలో వేలాది రోగులు బయటి వైద్యం కొరకు నెలల తరబడి ఎదురుచూచినారు. తన పౌరుల రక్షణ కొరకని ఇజ్రాయెల్ చెప్పును. ఆ భయం అబద్ధమని నేననను. కాని మనకు మూడు రోజులలో దారి తెరిపించిన న్యాయస్థానం ఉన్నది. పశ్చిమ తీరంలో 2002లో మొదలైన గోడ అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని హేగ్ న్యాయస్థానం 2004 జూలై 9న అభిప్రాయం చెప్పినను, గోడ నిలిచియే ఉన్నది.

సాగరు ఎడమ కాలువకు నీరు వదలిన రాత్రి మిర్యాలగూడ రైతు ఏ వేళనైనా పార భుజాన వేసుకొని మడవ మార్చుటకు పోగలడు. అక్కడ ఆలివు తోట గోడకు ఆవల చిక్కిన రైతు పత్రం చూపి, గేటు తెరిచే వేళకు పోయి మూసే వేళకు తిరిగి రావలెను. కొన్ని గేట్లు కాయ కోసే రోజులలోనే తెరుచుకొనును. తక్కిన కాలమంతా తన చెట్లకు దున్నకం ఎప్పుడో, కొమ్మల కత్తిరింపు ఎప్పుడో ఆ రైతు చేతిలో లేదు.